చదరంగ నియమాల సరిచూపు: నిరూపణకు ముందున్న వ్యాఖ్యానం

ఒక ఆట నియమావళిలో లోపం లేదని ఎలా నిర్ధారించగలం? ఎన్ని ఆటలు ఆడి చూసినా లభించేది అనుభవమే. నియమాలను తర్కభాషలోకి మార్చి, సాధ్యమైన ఆటలన్నింటిలోనూ కోరిన ధర్మం నిలుస్తుందో లేదో గణితపరంగా సరిచూసే పద్ధతి ఫార్మల్ వెరిఫికేషన్. అయితే ఈ నిరూపణ దేనికి వర్తిస్తుందన్నది విమర్శ అడగవలసిన ప్రశ్న. ‘చదరంగపు ఆట ఎప్పటికైనా ముగియాలి’ అనే ధర్మం ఇందుకు తగిన ఉదాహరణ.

ఒకే ఎత్తుల వరుస వెంటవెంటనే మూడుసార్లు వస్తే ఆట డ్రా అని చెప్పే ‘జర్మన్ నియమం’ పూర్వం ఉండేది. అంతులేని ఆటను ఆపడమే దాని ఉద్దేశం. 1935లో ప్రపంచ విజేత అయిన డచ్ గణితవేత్త మాక్స్ యూవే, 1929లోనే ఆ నియమం చాలదని నిరూపించాడు. రెండే సంకేతాలతో కూర్చినా, ఏ ఖండమూ వరుసగా మూడుసార్లు రాని అనంత శ్రేణి ఉంది. ఒక సంకేతానికి రాజువైపు గుర్రాల రాకపోకలను, రెండవదానికి మంత్రివైపు గుర్రాల రాకపోకలను కేటాయిస్తే, నియమం వర్తించే సందర్భమే రాకుండా ఆట సాగిపోతుంది. శాస్త్ర పరిభాషలో ఇది అవ్యాప్తి దోషం: లక్షణం లక్ష్యాన్నంతటినీ అందుకోలేదు.

బంటు కదలకుండా, ఏ పావూ చావకుండా ఇరుపక్షాలూ చెరి 50 ఎత్తులు వేస్తే డ్రా అనే నియమం ఈ లోటు తీరుస్తుందని తోస్తుంది. 16 బంట్లు ఒక్కొక్కటి గరిష్ఠంగా 6 సార్లు కదిలితే 96 ఎత్తులు. రాజులు కాక చావగల పావులు 30. వెనక్కి తీసుకోలేని ఎత్తులు 126కు మించవు, వాటి మధ్య వ్యవధికీ హద్దుంది, కనుక ఆట ముగియక తప్పదు. తర్కం నిర్దుష్టమే. కాని నియమపాఠంలో ఆటగాడు డ్రాను ‘కోరవచ్చు’ అని మాత్రమే ఉంది. ఇద్దరూ కోరకపోతే ఆట సాగుతూనే ఉంటుంది. వైకల్పికాన్ని నిత్యంగా గ్రహించినందువల్లనే పై నిరూపణ నిలిచింది. ఎవరూ కోరకపోయినా 75 ఎత్తులకు ఆట డ్రా అవుతుందని ఫిడే 2014లో చేర్చిన తరువాతే ఆ ముగింపు పాఠంలోకి వచ్చింది.

కాబట్టి యంత్రం సరిచూసేది నియమానికి మనం చేసిన వ్యాఖ్యానాన్ని. వ్యాఖ్యానం తప్పితే నిర్దుష్టమైన నిరూపణ కూడా మరో ఆటను గురించినదే అవుతుంది. అయినా ‘కోరవచ్చు’కూ ‘అవుతుంది’కీ మధ్య ఏదో ఒకటి తేల్చుకోక తప్పని స్థితికి పాఠకుణ్ణి తెస్తుంది గనుక, ఈ పద్ధతి పాఠపరిశీలనకు కూడా విలువైన సాధనమే.