విత్తనంతో పాటు మాటనూ దాచారు

ఛత్తీస్‌గఢ్‌లో గఠువన్, మహారాజి, లైచా అనే మూడు పాత వరి రకాలున్నాయి. గఠువన్ కీళ్ల నొప్పులకు మంచిదని, మహారాజి అన్నం బాలింతకు సత్తువ ఇస్తుందని, గర్భిణి లైచా తింటే పుట్టే బిడ్డకు చర్మవ్యాధి రాదని అక్కడి పెద్దల మాట. 2018లో రాయ్‌పూర్‌లోని ఇందిరా గాంధీ కృషి విశ్వవిద్యాలయం, ముంబయిలోని భాభా అణు పరిశోధన కేంద్రం కలిసి ఒక విషయం వెల్లడించాయి. ఈ బియ్యం సారం ప్రయోగశాలలో ఊపిరితిత్తుల, రొమ్ము క్యాన్సర్ కణాలపై పనిచేస్తోందని, మూడింటిలో లైచాది పైచేయి అని.

ఈ వార్త వెనక ఉన్న పనితనం చూడండి. వరి సొంత పుప్పొడితోనే గింజ కట్టే పంట. అయినా కల్లంలో, గాదెలో ఒక రకం గింజ ఇంకో రకంలో కలిసిపోవడం ఎంతసేపు? ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో గోండు, హల్బా, దోర్ల రైతులు కంకి రంగు, గింజ తీరు, కోతకొచ్చే కాలం చూసి కేళీలను, అంటే కలిసిపోయిన వేరే రకం మొక్కలను, ఏరేశారు, మంచి వెన్నులే విత్తనానికి ఉంచారు. తరాల తరబడి జరిగిన ఎంపిక అది.

ఆ పనిని గుర్తించినవారు డాక్టర్ ఆర్.హెచ్. రిఛారియా. కటక్ కేంద్ర వరి పరిశోధన సంస్థకు సంచాలకులుగా పనిచేసి, 1970లలో రాయ్‌పూర్ కేంద్రంగా 19 వేలకు పైగా వరి నమూనాలు సేకరించారు. గింజతో సరిపెట్టుకోకుండా రైతు పిలిచే పేరు, వాడుక కూడా రాసుకున్నారు. ఆయన గొప్పతనం అక్కడే ఉందంటాను. వేల సంచుల్లో దేన్ని ముందు పరీక్షించాలో చెప్పగలిగేది ఆ రాతే.

మొక్కలోని పదార్థం క్యాన్సర్ కణాన్ని ఎలా చంపుతుందో మన పెరటి బిళ్లగన్నేరు చెబుతుంది. కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోములను చెరో వైపుకు లాగే సన్నని గొట్టాలుంటాయి. బిళ్లగన్నేరులోని విన్‌బ్లాస్టిన్ ఆ గొట్టాలను కట్టే ప్రోటీన్‌ను పట్టేస్తుంది. విభజన సగంలో ఆగుతుంది. అప్పుడు కణం తన చావుకు తానే సిద్ధపడుతుంది: కుంచించుకుపోతుంది, డీఎన్‌ఏను ముక్కలు చేసుకుంటుంది, పొర బుడగలుగా తేలి చిన్న చిన్న మూటలుగా విడిపోతుంది. పక్క కణాలు వాటిని మింగేస్తాయి. వాపు లేదు, చిందరవందర లేదు.

అయితే గాజుపాత్రలో కణం చావడం వేరు, ఒంట్లో గడ్డ తగ్గడం వేరు. అమెరికాలో యూ చెట్టు బెరడు సేకరించింది 1962లో, అందులోని పాక్లిటాక్సెల్‌కు మందుగా అనుమతి వచ్చింది 1992లో. మన బియ్యం ఆ దారికి ఇంకా మొదట్లోనే ఉంది. దీన్ని నమ్ముకుని ఎవరూ వైద్యం మానుకోకూడదు.

ఒక్కటి మాత్రం ఇప్పుడే చేయాలి. విత్తనం శీతల గదిలో ఉంటే బతుకుతుంది, కానీ వాడుక పొలంలో, వంటింట్లోనే బతుకుతుంది. ఈ రకాలు పండించే రైతుకు గిట్టుబాటు ధర ఇవ్వాలి. రేపు వీటి నుంచి మందు వస్తే అందులో బస్తర్ రైతుకు వాటా దక్కాలి.