అక్క ఏం చదువుకుంది?

మేం ఫిల్మ్‌నగర్‌లో అద్దెకుంటాం. నేను రోజూ జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 45 మీదుగా దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి దాటి మాదాపూర్‌లో ఆఫీసుకి వెళ్తాను. 2020లో ఆ బ్రిడ్జి వచ్చాక సినిమా వాళ్లకీ సాఫ్ట్‌వేర్ వాళ్లకీ మధ్య పెద్ద దూరం లేదు. అయినా మా ఇళ్లలో జరిగే కథ ఒకటి బ్రిడ్జి దాటి ఇటు రాలేదనిపిస్తుంది.

ఈమధ్య మా కంపెనీ నన్ను డల్లాస్ వెళ్తావా అని అడిగింది. నాకు ఎల్-1 వీసా, మా ఆవిడకీ పాపకీ ఎల్-2. "నీకు ట్రాన్స్‌ఫర్. మరి నాకు?" అంది మా ఆవిడ. తనిక్కడ టీమ్ లీడ్. 2021 నవంబరు నుంచి ఎల్-2 మీద వెళ్లిన భార్యాభర్తలు విడిగా పర్మిట్ తీసుకోకుండానే ఉద్యోగం చెయ్యొచ్చని చెప్పాను. "చెయ్యొచ్చు అంటే ఉద్యోగం ఉన్నట్టు కాదుగా" అంది. జవాబు దొరక్క, మన సినిమాలు ఏమన్నాయో చూద్దామని కూర్చున్నాను.

జంధ్యాల 'పడమటి సంధ్యారాగం' (1987)లో కనీసం ఒక ఇల్లుంది. అమెరికా చేరిన కుటుంబం, అక్కడి అబ్బాయిని ప్రేమించిన కూతురు, భయపడే తండ్రి. ఆ భయాన్ని జంధ్యాల నవ్వులాటగా తీసినా తేలిగ్గా తీసెయ్యలేదు. కానీ అసలు గొడవ పెళ్లి దగ్గరే ఆగింది. శేఖర్ కమ్ముల 'డాలర్ డ్రీమ్స్' (2000)లో వెళ్లాలా, ఉండాలా అని కొట్టుకునేది కుర్రాళ్లు. వాళ్లు వదిలి వెళ్లాల్సినవాళ్లు ఉన్నారు గానీ, వెంట తీసుకెళ్లాల్సిన పెళ్లాం పిల్లలు లేరు. 'మహర్షి' (2019)కి వచ్చేసరికి హీరో ఏకంగా సీఈవో. స్నేహితుడి కోసం, ఊరి కోసం వెనక్కొస్తాడు. అతనికది త్యాగం. ఎల్-1 ఆ కంపెనీతోనే ముడిపడిన వీసా. ఉద్యోగం పోతే వెనక్కి రావడాన్ని ఎవరూ త్యాగం అనరు.

అందరికంటే దగ్గరగా వచ్చింది 'ఫిదా' (2017). నాన్నని వదిలి ఆడపిల్లే ఎందుకు వెళ్లాలి అని భానుమతి అడిగే ప్రశ్న మా ఇంట్లోదే. కమ్ముల ఆ ప్రశ్నని అడగనిచ్చాడు, అది చిన్న విషయం కాదు. కానీ జవాబు ప్రేమ చేత చెప్పించాడు: వరుణే బాన్సువాడ వచ్చేస్తాడు. మనకి కళ్లు చెమర్చుతాయి, ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోతుంది. అందరూ వరుణ్‌లు కాలేరు కదా.

ఆ సినిమాలోనే నిజంగా అమెరికా వెళ్లిన ఆడపిల్ల ఇంకొకరుంది. భానుమతి అక్క రేణుక. సంబంధం కుదిరింది, పెళ్లయింది, వెళ్లిపోయింది. చెల్లెలు అమెరికా రావడానికి కథకి ఆమె ఒక దారి, అంతే. మొన్న రాత్రి మా ఆవిడ సినిమా ఆపి, "ఈ అక్క ఏం చదువుకుంది?" అని అడిగింది. మేం చూడడం అది మూడోసారి. ఇద్దరికీ గుర్తు రాలేదు.

వీసా కాగితాల్లో డ్రామా ఏముంటుంది అనొచ్చు. కాగితాల్లో ఉండదు. రాజీనామా మెయిల్ రాసి, పంపకుండా డ్రాఫ్ట్స్‌లో పెట్టుకున్న మనిషిలో ఉంటుంది. వీడియో కాల్ ఎలా చెయ్యాలో ఇప్పట్నుంచే నేర్చుకుంటున్న మా అమ్మలో ఉంటుంది. అమెరికాలో ప్రీమియర్లకి టికెట్లు కొనేది ఈ కుటుంబాలే. వాళ్ల మీద పాటలు తీశారు, జోకులు వేశారు, ఊరు దత్తత తీసుకోమని నీతులూ చెప్పారు. రేణుకతో ఒక్క పావుగంట కూర్చున్న సినిమా నాకు కనబడలేదు.

కంపెనీకి శుక్రవారంలోగా ఏదో ఒకటి చెప్పాలి. మా ఆవిడ రెజ్యూమె డల్లాస్‌లో నాలుగు చోట్లకి పంపింది. ఒక్క జవాబైనా వచ్చాకే నా జవాబు చెబుతానని మేనేజర్‌కి ఇవాళ మెయిల్ పెట్టాను.