తెల్లకప్పుల లెక్క

వేసవి వచ్చినదనగా మిద్దెమీద సున్నము కొట్టించుట తెలుగునాట పాత అలవాటే. మిట్టమధ్యాహ్నము ఆ మిద్దెపై నిలిచినవానికి కళ్ళు చెదరును. క్రింద నడుము వాల్చినవానికి ప్రాణము కుదుటపడును. పైనున్నవాని కళ్ళకు కొట్టిన వెలుగే గదిలోనికి దిగకుండ తప్పిపోయిన వేడిమి.

ఈ చిన్న ఉపాయమును భూగోళమంతటికి వర్తింపజేయవచ్చునని 2009లో హషేమ్ అక్బరీ, సురభి మీనన్, ఆర్థర్ రోజెన్‌ఫెల్డ్ అను ముగ్గురు శాస్త్రజ్ఞులు ఒక వ్యాసమున ప్రతిపాదించిరి. ప్రపంచములోని నగరముల కప్పులను, రోడ్లను లేతరంగునకు మార్చినచో 4,400 కోట్ల టన్నుల బొగ్గుపులుసు వాయువు కలిగించు తాపమునకు అది విరుగుడగునని వారి అంచనా. వాతావరణమును యంత్రవిద్యచే చక్కదిద్దవలెనను పెద్ద ఆలోచనలలో దీనికొక ప్రత్యేకత ఉన్నది. 1991లో పినటూబో అగ్నిపర్వతము బ్రద్దలై, గంధకపు పొగ ఆకాశమున పరచుకొని, భూమిని సుమారు అర డిగ్రీ చల్లబరచినది. ఆ పనినే విమానములతో చేయుదమనువారున్నారు. అది ఒక దేశము చేసిన, ఇంకొక దేశపు వానలకు ముప్పు రావచ్చును. కప్పు సున్నము అట్టిది కాదు. నచ్చనినాడు గీకివేయవచ్చును.

ఈ ఆలోచన హైదరాబాదునకు త్వరగానే చేరినది. అమెరికాలోని లారెన్స్ బర్కిలీ ప్రయోగశాలవారును, గచ్చిబౌలి ట్రిపుల్ ఐ.టి.కి చెందిన విశాల్ గర్గ్ మున్నగువారును కలిసి ఈ ప్రాంతపు వాణిజ్య భవనములపై జరిపిన పరిశీలన 2012లో ప్రకటింపబడినది. నల్లని కప్పును తెల్లగా మార్చిన, చదరపు మీటరుకు ఏటా 20 నుండి 22 యూనిట్ల విద్యుత్తు మిగిలినది. పూత లేని కాంక్రీటు కప్పుకు తెల్లరంగు వేసిన 13, 14 యూనిట్లు మిగులుననియు, అందుచే చదరపు మీటరుకు ఏటా 11, 12 కిలోల బొగ్గుపులుసు వాయువు తగ్గుననియు వారు తేల్చిరి. తరువాత 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వము కూల్ రూఫ్ విధానమును ప్రకటించినది. అయిదేండ్లలో రాష్ట్రమున 300 చదరపు కిలోమీటర్ల కప్పు చల్లబడవలెను; అందులో 200 హైదరాబాదు వంతు. ప్రభుత్వ భవనములకును, వాణిజ్య భవనములకును ఇది తప్పనిసరి. నివాసగృహములలో 600 చదరపు గజములకు తక్కువైన స్థలములవారికి మాత్రము ఐచ్ఛికము.

విధానము మెచ్చదగినదే. ఇంత స్పష్టమైన సంఖ్యను ముందుంచుకొని కప్పుల జోలికి పోయిన రాష్ట్రములు అరుదు. అయితే తెల్లకప్పు పేరిట మూడు వేర్వేరు వాగ్దానములు ఒకే మూటగా కట్టబడుచున్నవి: భూమి చల్లబడును, కరెంటు ఖర్చు తగ్గును, గది చల్లబడును. మూడింటి బలము ఒకటి కాదు.

మొదట భూమి సంగతి. కప్పు మునుపటికంటె నూటికి 25 పాళ్ళు అదనముగా వెలుతురును త్రిప్పికొట్టినచో, చదరపు మీటరుకు 64 కిలోల బొగ్గుపులుసు వాయువునకు సరిపడునని అక్బరీ బృందపు లెక్క. 300 చదరపు కిలోమీటర్లనగా 30 కోట్ల చదరపు మీటర్లు. గుణించిన 1.92 కోట్ల టన్నులు. చూచుటకు పెద్ద సంఖ్య. కాని ఇది ఏటేట వచ్చు రాబడి కాదు, ఒక్కమారే దక్కు ముడుపు. బొగ్గు, చమురు, గ్యాసు మండించుట మొదలైనవానివలన ప్రపంచము ఏటా వదలు వాయువు సుమారు 3,700 కోట్ల టన్నులు. గంటకు 42 లక్షలు. రాష్ట్రము అయిదేండ్లు పాటుపడి వేయు తెలుపు ప్రపంచపు పొగలో నాలుగున్నర గంటలకు సమానమన్నమాట. ఇంగ్లండులోని రాయల్ సొసైటీ 2009 నివేదికలో ఈ పద్ధతి, భూతాప నివారణకై పరిశీలించినవాటిలో మిక్కిలి ఖరీదైనదిగాను, ఫలము తక్కువైనదిగాను లెక్కింపబడుట అందుచేతనే.

రెండవది కరెంటు. ఇక్కడ హైటెక్ సిటీని ఒకమారు చూడవలెను. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైననాటినుండి మాదాపురము, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ వైపు మేడలు ఎత్తుగా లేచుచున్నవి. ప్రక్కకు 50 మీటర్లు చొప్పున చదరముగానున్న ఒక కట్టడము అనుకొనుడు. దాని కప్పు 2,500 చదరపు మీటర్లు. ఒకే అంతస్తయి మూడున్నర మీటర్ల ఎత్తుండిన, గోడలన్నియు కలిసి 700. కప్పు గోడలకు మూడున్నర రెట్లు. అదే కట్టడమునకు 20 అంతస్తులు లేపిన గోడలు 14,000 చదరపు మీటర్లగును, కప్పు మాత్రము ఆ 2,500 లే. ఇప్పుడు గోడలే కప్పునకు అయిదున్నర రెట్లు మించినవి. ఆ గోడలు గాజువైనచో? మే రెండవ వారములో సూర్యుడు హైదరాబాదునకు నడినెత్తిన వచ్చును, అప్పుడు కప్పు మీది ఎండే తీవ్రము. కాని ఉదయము తూర్పు గాజు, సాయంకాలము పడమటి గాజు గంటల తరబడి ఎండను లోనికి త్రాగును. లోనికి వచ్చిన వెలుతురు వేడిమిగా మారిన పిమ్మట, ఆ దీర్ఘతరంగములు గాజును దాటి బయటికి పోలేవు, గాలియు కదలదు. భూమికి వాయువులు చేయు కీడునకు ఇది చిన్న నమూనా. ప్రత్యేకపు పూత గల గాజు ఈ దోషమును తగ్గించునేగాని పోగొట్టదు. ఏర్ కండిషనర్లు ఆ వేడిమిని లాగి వీధిలోనికి క్రుమ్మరించును. పైగా ప్రక్కనున్న పొట్టి కట్టడపు తెల్లకప్పు త్రిప్పికొట్టిన వెలుతురులో కొంత ఈ గాజుమేడ కిటికీలలోనికే చేరును! ఇట్టి మేడ పైన పూసిన తెలుపు నిబంధనను తీర్చును. బిల్లును అంతగా తగ్గింపదు. ఆ 13, 14 యూనిట్లు చదరపు మీటరు కప్పునకు చెప్పినవి, చదరపు మీటరు అంతస్తునకు కావు. ప్రచారములో ఈ భేదము తరచు మరుగున పడును.

ఇదే నగరములో ఇంతకంటె లోతైన ఉదాహరణలున్నవి. 2004 జులైలో రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించిన గ్రీన్ బిజినెస్ సెంటర్ హైటెక్ సిటీ దగ్గరిదే. నడుమ ముంగిలి, గాలిని చల్లబరచి లోనికి పంపు గాలిగోపురములు, కప్పుపై పచ్చిక. నగరమునకు తూర్పున పోచారములో ఇన్ఫోసిస్ వారు 2011లో ఒక భవనమును సరిగా రెండు సగములుగ కట్టిరి. రెండింటికిని కిటికీలకు నీడ ఒకటే, గోడల కట్టుబాటు ఒకటే. ఒక సగమును మంచి రకపు మామూలు ఏర్ కండిషనింగుతోను, రెండవ సగమును శ్లాబులో పొదిగిన గొట్టములగుండ చల్లని నీరు పారించియు చల్లబరచిరి. మొదటి రెండేండ్లలో నీటిగొట్టముల సగము నూటికి 34 పాళ్ళు తక్కువ శక్తిని వాడినది. శాస్త్రీయ పరీక్ష యనిన ఇట్లుండవలెను.

మూడవది గది. తెల్లకప్పు అసలు బలమిక్కడనే ఉన్నది. 2017లో హైదరాబాదులో 25 పేదయిండ్ల కప్పులపై తెల్లని పొర పరచి చూచినపుడు, అట్టి పొర లేని ఇండ్లకంటె గదిలోని గాలి సగటున 2 డిగ్రీలు తక్కువగానుండెను. రేకు క్రింద పగలంతయు ఉడికి, రాత్రి నిద్ర పట్టని పిల్లలకు, ముసలివారికి 2 డిగ్రీలు చిన్నవి కావు. ఆ ఇండ్లలో ఏర్ కండిషనర్ లేదు గనుక మిగిలిన యూనిట్లు సున్న. తగ్గిన బొగ్గుపులుసు వాయువును సున్నయే. కరెంటుతో కొలిచిన ఆ మేలు లెక్కకే రాదు. విధానములోని పెద్ద లోటు ఇదే. కప్పే ప్రధానమైన ఒంటి అంతస్తు ఇంటికి ఐచ్ఛికము, గోడలే ప్రధానమైన ఇరువది అంతస్తుల మేడకు తప్పనిసరి! ప్రభుత్వము స్వయముగా కట్టించు పేదల ఇండ్లకు నియమమున్న మాట నిజమే. బస్తీలో తానే రేకు వేసికొన్న కుటుంబమునకు డబ్బా రంగు ఎవరు కొనిపెట్టుదురను ప్రశ్న నిలిచియే ఉన్నది.

రంగు వయస్సు సంగతియు చూడవలసినది. దుమ్ము పడును, వానకాలములో పాచి పట్టును. తెలుపు మొదటి ఏటనే కొంత మాయును. సున్నము ఏటేట కొట్టించు పాతవారికి ఈ సంగతి తెలియును. విధానపు ప్రగతిని పూసిన చదరపు కిలోమీటర్లలో కొలిచిన, మూడవ ఏటి మురికికప్పు కూడ తెల్లకప్పుగానే పుస్తకమున కూర్చుండును. పోచారములో రెండు సగములకు పెట్టిన పరీక్షను బస్తీలోని రెండు వరుస ఇండ్లకు పెట్టుటకు పెద్ద వ్యయము కాదు: పూత వేసిన ఇంట ఒక ఉష్ణమాపకము, వేయని ఇంట ఒకటి, మూడు వేసవుల పాటు.