చవుడు మన్ను కప్పిన మిద్దె

కోస్తా రైతు ఇంటికి ఏటవాలు పెంకులు కావాలి, తాటాకు కావాలి. అక్కడి వాన అలాంటిది. అనంతపురంలో ఏడాది మొత్తానికి పడేది సుమారు 550 మిల్లీమీటర్లు. ఆ సీమలో రైతు కట్టుకున్నది బల్లపరుపు మట్టి మిద్దె. మిద్దె మీద వేరుశనగ ఎండుతుంది, మిరపకాయలు ఎండుతాయి, ఎండాకాలం రాత్రి ఇంటిల్లిపాదీ అక్కడే పడుకుంటారు.

గోడలు రాతివి. రాయికీ రాయికీ మధ్య మట్టి అడుసే. మూరెడు మందం, కొన్నిచోట్ల అంతకు మించి. గోడల మీద, కంబాల మీద దూలాలు. దూలాలకు అడ్డంగా దంతెలు. దంతెల మీద వరుసగా కట్టెలు గానీ, బండలు దొరికే ఊళ్లలో నాపరాళ్లు గానీ. కట్టెల మీద ఆకూ కసువూ పరిచి, తడి మట్టి వేసి, తొక్కి, దిమ్మిసతో కొడతారు. అన్నిటికీ పైన చవుడు మన్ను.

ఈ ఇంటి తెలివంతా ఆ పై పొరలోనే ఉందని నేను నమ్ముతాను. చవుడు నేలలో పైరు రాదు. అందులో సోడియం ఎక్కువ. తడి తగలగానే బంకమట్టి రేణువులు విడిపోయి సన్నని సందులన్నిటినీ పూడ్చేస్తాయి. నీరు లోపలికి దిగలేక, మిద్దెకు ఇచ్చిన కొద్దిపాటి వాలు పట్టుకుని తూముల గుండా బయటికి పోతుంది. గింజ పడినా ఆ మన్నులో మొలవడం కష్టం, అందుకని గడ్డి వేర్లు కప్పును చీల్చవు. పొలంలో రైతును ఏడిపించిన గుణమే ఇక్కడ ఇంటిల్లిపాదినీ తడవకుండా కాపాడుతుంది.

అయితే ఏటా తొలకరికి ముందు మిద్దె ఎక్కాలి. పగుళ్లు చూసి, వదులైన పాత మన్ను గీకి, కొత్తది పరచాలి. గీకకుండా ఏటికేడు వేసుకుంటూ పోతే దూలాలు వంగుతాయి: జానెడు మందం మట్టి చదరపు మీటరుకు 300 కిలోలు దాటుతుంది. ఒక్క ఏడు బద్ధకిస్తే ముసురు పట్టిన వారమంతా ఇల్లు ఉరుస్తుంది. చెదలు, నానిన గోడలు కూడా నిజమైన కష్టాలే. మట్టిళ్లను మెచ్చుకునేవాళ్లు వీటిని దాచకూడదు.

లోపలికి వస్తే, చాలా ఇళ్లలో ముందు కనిపించేది పశువుల గాడిపాడు. మనుషుల చోటు దానికంటే మెట్టు ఎత్తు. దొంగల భయం, రాత్రి మేత వేసే సౌకర్యం, ఈనే ఆవును కనిపెట్టుకుని ఉండడం, అన్నీ ఒకే కప్పు కింద కుదిరాయి. గోడలో కిటికీలు తక్కువ. వెలుతురు పైనుంచి, మిద్దెకు పెట్టిన గవాచి అనే కంతలోంచి వస్తుంది. వేడి గాలి, వంటింటి పొగ అందులోంచే పైకి పోతాయి; వాన వస్తే పైకెక్కి బండ మూస్తారు. గోడల మందంలోనే గూళ్లు: దీపానికి ఒకటి, ఉప్పుకు ఒకటి, దేవుడికి ఒకటి. దంతెకు ఉట్టి వేలాడుతుంది. సున్నం పూతకు కింద జాజు పట్టీ, నేలకు పేడ అలుకు. జొన్నలకు నేల కింద పాతర. దాన్ని తెరిచాక లోపలి చెడు గాలి పోయేదాకా ఎవరినీ దిగనివ్వరు.

నడి వేసవిలో ఆ గోడలూ ఆ మట్టీ మధ్యాహ్నపు వేడిని గంటల తరబడి ఆపుతాయి. పలుచని కాంక్రీటు కప్పు అదే వేడిని సాయంత్రానికల్లా ఇంట్లోకి వదులుతుంది. ఇప్పుడు పొలాల్లో లేస్తున్న ఫామ్‌హౌసుల్లో పాత తలుపులు, ఇత్తడి గంగాళాలు అలంకారంగా పెడుతున్నారు. వస్తువులు తెచ్చుకుంటున్నారు గానీ వేడిని ఆపే పద్ధతిని తెచ్చుకోవడం లేదని నా బాధ. సామగ్రికి కొరత లేదు. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో 1974లో మొదలైన ‘అస్త్ర’ బృందం మట్టిలో కొద్దిగా సిమెంటు కలిపి యంత్రంతో అదిమిన ఇటుకల మీద ఎంతో పని చేసింది. బట్టీలో కాల్చే పని లేదు. వాటితో మందపాటి గోడలు లేపొచ్చు, నడుమ అద్దం మూతతో గవాచి పెట్టొచ్చు. పైన మట్టి పొర వేయాలంటే మాత్రం ఆ బరువును ఇంజనీరు ముందే లెక్క కట్టాలి. కట్టాక మోపితే ప్రమాదం.

మిద్దె మీద చవుడు పరిచిన పెద్దలు సీమ పల్లెల్లో ఇంకా ఉన్నారు. ఏ గట్టు పక్క మన్ను వానకు నిలుస్తుందో, ఏది కొట్టుకుపోతుందో వాళ్లు చేత్తో పిసికి చెబుతారు. ఇల్లు తలపెట్టినవాళ్లు నక్షా గీయించే రోజున వాళ్లలో ఒకరిని పక్కన కూర్చోబెట్టుకోవాలి.