శుక్రవారం చదవాల్సిన అధ్యాయం

ఈ పుస్తకం ఏడో అధ్యాయంలో పేరు చెప్పకుండా వదిలేసిన ఒక లేత్ షాపు యజమాని ఉన్నాడు. వరసగా మూడు శనివారాలు కూలి ఇవ్వకుండా నెట్టుకొచ్చి, నాలుగో శనివారం తన దగ్గరున్న గట్టి పనిమంతుణ్ణి పోగొట్టుకున్నాడు. ఆ యజమానిని నేనే. పోయిన పనిమంతుడు ఈ రచయిత తండ్రి. రాతప్రతి తెచ్చి చేతిలో పెట్టి, "పెద్దయ్యా, ముందుమాట మీరే రాయాలె" అన్నప్పుడు అబ్బాయి ఆ సంగతి చెప్పలేదు. చదువుకుంటూ పోతే నాకు నేనే ఎదురుపడ్డాను.

మఠంపల్లి తెలియనివారికి రెండు మాటలు. మాది కృష్ణ ఒడ్డు ప్రాంతం. నేల కింద సున్నపురాయి, నేల మీద సాగర్ ఎడమ కాలువ నీళ్లు. రాయి ఉందని సిమెంటు కంపెనీలు వచ్చాయి. సాగర్ సిమెంట్స్ ఇక్కడ 1985లో ఉత్పత్తి మొదలుపెట్టింది. కాలువ పారిందని వరి వచ్చింది, వడ్లు మిర్యాలగూడ మిల్లుల దాకా పోయాయి. ఆ ఫ్యాక్టరీకీ ఈ పొలానికీ నడుమ మాలాంటివాళ్లం మొలిచాం. లేత్ షాపులు, వెల్డింగు షెడ్లు, మోటారు వైండింగు, పంక్చరు బంకులు, టీ హోటళ్లు. కంపెనీల చరిత్రలో మా ఊసుండదు గానీ, రాత్రి పదింటికి రోలరు బేరింగు పోతే కొట్టేది మా షట్టరే.

మా చేతికి డబ్బు వచ్చే తీరు వేరు. రైతు ఏడాదికి రెండుసార్లు ఇస్తాడు, వానాకాలం వడ్లు అమ్మి ఒకసారి, యాసంగి వడ్లు అమ్మి ఒకసారి. కాంట్రాక్టరు బిల్లు పాసైనప్పుడు ఇస్తాడు. పనివాడికి మాత్రం ప్రతి శనివారం సాయంత్రం మేమే ఇవ్వాలి, వాడింట్లో పొయ్యి ఆ డబ్బుతోనే వెలుగుతుంది. అందుకే ఖాతా పుస్తకంలో లాభం కనబడుతున్నరోజే గల్లాపెట్టె ఖాళీగా ఉంటుంది. చిన్న వ్యాపారాలు మూతపడేది చాలాసార్లు నష్టంతో కాదు, ఈ వాయిదాల మధ్య నలిగి. రచయిత ఈ ఒక్క సంగతినే పుస్తకానికి దూలంగా వేసుకున్నాడు. మిగతా వాసాలన్నీ దాని మీదే ఆనాయి.

ఇక నా కథ. కాలువకు నీళ్లు వదలని ఏడు అది. రైతుల ఉద్దెర వసూలు కాలేదు. పైఊరి కాంట్రాక్టరు ఒకడు నా బిల్లును ఇవాళ రేపు అంటూ నెలలు జరిపాడు. అంతవరకు తప్పు నాది కాదు. కానీ చేతిలో మిగిలిన కాస్త డబ్బు ఇంట్లో పెళ్లికి తీసి, షెడ్డులో "వచ్చేవారం చూద్దాం" అన్నది నేనే. నాలుగో శనివారం కూడా అదే మాటంటే ఈ అబ్బాయి తండ్రి ఏమీ అనలేదు. వెర్నియర్‌ను నూనెగుడ్డతో తుడిచి బల్ల మీద పెట్టి, చెప్పులేసుకుని పోయాడు. కోదాడలో పనికి కుదిరాడని తర్వాత తెలిసింది. మిషన్లు మళ్లీ కొన్నాను గానీ అలాంటి చెయ్యి మళ్లీ దొరకలేదు.

ఇందులోంచి రచయిత తీసిన సలహాలు మూడు. ఇంటి డబ్బుకూ షాపు డబ్బుకూ వేర్వేరు ఖాతాలు పెట్టి, యజమాని కూడా నెలకింత అని జీతం తీసుకోవాలి. నాలుగు వారాల కూలి ఎప్పుడూ ముట్టకుండా పక్కన ఉంచాలి. ఇవ్వలేని శనివారం వస్తున్నదని తెలిస్తే శుక్రవారమే పనివాళ్లను కూర్చోబెట్టి చెప్పాలి. మొదటి రెండూ పెద్దలు చెప్పగా విన్నవే. మూడోది నాకెవరూ చెప్పలేదు. నాయకత్వం అంటే ఏమిటో ఆ ఒక్క శుక్రవారంలో ఉంది.

రావాల్సిన డబ్బు గురించి రాసిన అధ్యాయం మా వీధిలో ప్రతి షెడ్డులోనూ అతికించదగ్గది. 2006 నాటి చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థల దగ్గర సరుకో సేవో తీసుకున్నవాడు రాతపూర్వక ఒప్పందం లేకుంటే 15 రోజుల్లో, ఉన్నా 45 రోజులు మించకుండా చెల్లించాలి. దాటితే బ్యాంకు రేటుకు మూడింతల చొప్పున చక్రవడ్డీ. 2024 ఏప్రిల్ 1 నుంచి, గడువు దాటిన ఆ బాకీని చెల్లించేదాకా ఆదాయపన్ను లెక్కలో ఖర్చుగా చూపుకోవడానికీ లేదు. పని ఒప్పుకోకముందే ప్రభుత్వ ఉద్యమ్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలనీ, దానికి రుసుము లేదనీ, కేవలం కొని అమ్మే దుకాణాలకు ఈ రక్షణ దక్కదనీ రచయిత విడమరిచాడు. ఇదంతా ఆనాడు తెలిసుంటే ఆ కాంట్రాక్టరు గుమ్మం ముందు చేతులు కట్టుకుని నిలబడేవాణ్ణి కాదు.

పుస్తకంలో చెప్పిన కాకినాడ ముచ్చట నాకు కొత్త. 1964లో హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్లెలాండ్, హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ సియెట్‌తో కలిసి కాకినాడ చిన్న వ్యాపారులకు శిక్షణ పెట్టించాడట. నేర్చుకున్నవాళ్లు తర్వాత మిగతావాళ్లకన్నా ఎక్కువ పెట్టుబడి పెట్టి, ఎక్కువమందికి పని చూపించారట. ఆయన ప్రయోగాల్లో కొయ్యకు రింగులు వేసే ఆట ఒకటి. పైకొచ్చే లక్షణమున్నవాడు మరీ దగ్గరా మరీ దూరమూ కాకుండా నడిమి దూరంలో నిలబడతాడని ఆయన గమనించాడు. తిరునాళ్లలో ఆ ఆట మనమూ ఆడాం, కానీ రెండు రోజుల పనిని తెల్లారేసరికి ఇస్తానని ఒప్పుకోవడం కూడా దూరం నుంచి రింగు విసరడమేనని ఈ పుస్తకం చదివాకే తట్టింది.

ఒకచోట మాత్రం అబ్బాయితో నాకు పేచీ ఉంది. ఉద్దెర పూర్తిగా మానేయమంటాడు. పంట చేతికి రాని రైతుకు నగదు చూపితేనే మోటారు బాగుచేస్తానంటే మా ఊళ్లో వ్యాపారం సాగదు, సాగినా అది పద్ధతి కాదు. ఉద్దెరకు హద్దు పెట్టాలి. నేనైతే ఒక్కో ఆసామికి ఇంత అని గోడమీద సుద్దతో రాసేవాణ్ణి, అది దాటితే ఎంత చుట్టమైనా పాతది తేవాల్సిందే. రెండో ముద్రణలో అబ్బాయి ఈ మాట కలుపుతాడని ఆశ.

రాతప్రతి తిరిగిచ్చేటప్పుడు, "ఏడో అధ్యాయంలో నా పేరు రాయొచ్చు, నాకేం నామోషీ లేదు" అన్నాను. "నాన్న వద్దన్నడు పెద్దయ్యా" అన్నాడు. అంతకన్నా ఏమీ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఈ అబ్బాయికి నా ఆశీస్సులు. చదివేవాళ్లు ఏ అధ్యాయం నుంచి మొదలుపెట్టినా సరే. ఏడోది మాత్రం శుక్రవారం చదవండి.

మఠంపల్లి
— ఒక పాత లేత్ మేస్త్రీ