ప్రకటనకూ రచనకూ మధ్య దూరం

తెలుగు సాహిత్య చర్చకు దశాబ్దాలపాటు వేదికగా నిలిచిన మాసపత్రికను పోషించింది ఒక తలనొప్పి మందు. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీ ప్రారంభించారు. ఆ వ్యాపారం నిలదొక్కుకున్నాక, 1908లో అదే నగరం నుంచి ఆంధ్రపత్రిక వారపత్రికగా వెలువడింది. 1914లో అది మద్రాసుకు తరలి దినపత్రిక అయింది. 1924లో భారతి, 1926లో ఆంధ్రగ్రంథమాల వచ్చాయి. ఈ చరిత్రను ఒక ఉదారుడి దాతృత్వగాథగా చెప్పుకోవడం మనకు అలవాటు. అది అబద్ధం కాదు కాని, అసంపూర్ణం. మందు అమ్మేవారూ పత్రిక నడిపేవారూ ఒకరే అయినప్పుడు, ఆ పత్రికలోని మాటను పాఠకుడు దేన్ని చూసి నమ్మాలి? ఈ ప్రశ్నను ఆ గాథ పక్కన పెడుతుంది. ఉద్యోగం చేసుకుంటూ, తీరిక వేళల్లో ఇష్టంకొద్దీ రాసి ప్రచురించే ప్రతివారికీ నేడు ఎదురయ్యే ప్రశ్న కూడా అదే.

భారతి విషయంలో సమాధానం తేలిక. శాసనాల పాఠాలు, కవుల కాలనిర్ణయం, ఛందస్సు, వ్యాకరణం వంటి వాటిమీద ఆ పత్రికలో వాదప్రతివాదాలు సాగాయి. ఏ పక్షం నెగ్గినా అమృతాంజనం సీసా ఒక్కటి కూడా అదనంగా అమ్ముడు పోదు, ఓడినా ఒక్కటీ తగ్గదు. డబ్బు వచ్చే చోటుకూ అభిప్రాయం పుట్టే చోటుకూ మధ్య అంత దూరం ఉంది. పైగా యజమాని ఎవరో, ఆయన అమ్మే సరుకేదో లోకానికంతటికీ తెలుసు. దాపరికం లేదు కనుక అనుమానానికి చోటు లేదు. పత్రికకు సొంత ఆదాయం ఉండటం మరో రకంగానూ మేలు చేసింది. ఉప్పు సత్యాగ్రహకాలంలో జైలుకు వెళ్లిన సంపాదకుడి పత్రికకు, నష్టాన్ని తట్టుకోగల ఆధారం ఇంట్లోనే ఉంది. అయితే ఈ స్వేచ్ఛకు ఒక హద్దు ఉన్నది. సిద్ధౌషధాల వ్యాపారం మీద నిష్పాక్షికంగా తీర్పు చెప్పే అర్హత మాత్రం ఆంధ్రపత్రికకు నిర్మాణరీత్యానే లేదు. అక్కడ ఆ దూరం సున్నా.

ఈ హద్దు ఎక్కడ పడుతుందో గృహలక్ష్మి పత్రిక మరింత స్పష్టంగా చూపిస్తుంది. డాక్టర్ కె.ఎన్.కేసరి 1928లో మద్రాసు నుంచి స్త్రీల కోసం ఈ మాసపత్రికను ప్రారంభించారు. ఆయన కేసరి కుటీరం తయారు చేసిన మందుల్లో పేరుపొందినది లోధ్ర. అది స్త్రీల ఆరోగ్యానికి ఉద్దేశించినది. పత్రిక చేసిన సాహిత్యసేవ చిన్నది కాదు. కనుపర్తి వరలక్ష్మమ్మ శారద లేఖలు అందులోనే వెలువడ్డాయి. రచయిత్రులను గౌరవించే గృహలక్ష్మి స్వర్ణకంకణం 1934లో మొదట ఆమెకే దక్కింది. స్త్రీవిద్య మీద, సంస్కరణ మీద ఆ పత్రికలో వచ్చిన రచనలకూ లోధ్ర అమ్మకానికీ నేరుగా పొత్తు లేదు. కాని అదే పత్రికలో స్త్రీల ఆరోగ్యం మీద వచ్చే వ్యాసం సంగతి వేరు. దాన్ని రాసినవారు ఎంత నిజాయితీపరులైనా, పాఠకురాలికి సందేహపడే హక్కు ఉంటుంది. కేసరి మోసం చేశారని ఇక్కడ ఆరోపణ కాదు. మందు, పాఠకురాలు, పత్రిక ముగ్గురూ ఒకే గదిలో ఉన్నప్పుడు, ఎవరూ అబద్ధం ఆడకపోయినా నిజం నిరూపించుకోవడం కష్టమవుతుందని మాత్రమే.

ఈ రెండు పత్రికలనూ పక్కపక్కన పెడితే ఒక సూత్రం తేలుతుంది. ప్రకటన డబ్బు ఎంత అన్నది నిజాయితీకి కొలబద్ద కాదు. ఆ డబ్బు ఇచ్చే సరుకు, రచన చర్చించే విషయానికి ఎంత దగ్గరగా ఉన్నదన్నదే కొలబద్ద. అమృతాంజనం నుంచి భారతికి అందిన అండ పెద్దదే, అయినా ప్రమాదం తక్కువ. నేడు ఒక వంటపాత్రల కంపెనీ ఉచితంగా పంపిన ఒక్క కుక్కరు విలువ స్వల్పమే, కాని ఆ కుక్కరు గుణదోషాలు రాసేవారికి అది పెద్ద ప్రమాదం.

ప్రకటనలే వద్దనడం ఇంకొక మార్గం. గాంధీ యంగ్ ఇండియా, నవజీవన్ పత్రికల్లో మొదటి నుంచీ ప్రకటనలను నిరాకరించారు, దానివల్ల పత్రికలకు నష్టం కలగలేదని ఆత్మకథలో చెప్పుకున్నారు. అయితే ఆ పత్రికల ప్రచారం ఒక దశలో 40,000 దాకా చేరిందని కూడా ఆయనే రాశారు. చందాలతో నిలబడగల పత్రికకు ఆ నియమం సాధ్యం. కొద్దిమంది పాఠకులతో, చేతి చమురు వదిలించుకుంటూ నడిచే ప్రయత్నానికి దాన్ని ధర్మసూత్రంగా విధిస్తే, డబ్బున్నవారు మాత్రమే రాయాలన్న నియమంగా అది మారుతుంది.

చట్టం ఈ సమస్యను కొంతవరకే పరిష్కరించింది. అద్భుత చికిత్సల ప్రకటనలను అదుపు చేయడానికి 1954లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. దాని మీద హమ్‌దర్ద్ దవాఖానా వేసిన దావాలో, 1959లో తీర్పు చెబుతూ సుప్రీంకోర్టు అటువంటి వ్యాపార ప్రకటనలకు వాక్‌స్వాతంత్ర్య రక్షణ లేదన్నది. 1995లో టాటా ప్రెస్ కేసులో అదే కోర్టు, వ్యాపార ప్రకటన కూడా వాక్‌స్వాతంత్ర్యంలో భాగమేనని గుర్తించింది. రెండు తీర్పులూ ప్రకటనదారు హక్కు చుట్టూ తిరిగాయి. ప్రకటనను మోసిన పుటకూ, ఆ పుటను నమ్మిన పాఠకుడికీ మధ్య ఉండే ఒడంబడికను అవి నిర్ణయించలేదు.

ప్రవాసంలో ఈ ఒడంబడిక మరింత బరువైనది. దోహాకు దక్షిణాన సముద్రపు ఒడ్డున ఉన్న అల్ వక్రా ఒకప్పుడు ముత్యాల వేటకూ చేపల వేటకూ పేరుపడ్డ ఊరు. 2019 నుంచి మెట్రో రైలు దాన్ని దోహాతో కలిపింది. అక్కడ నివసించే తెలుగు ఇంజనీరుకో, నర్సుకో కనబడే ప్రకటనలు ఎటువంటివి? ఇంటికి డబ్బు పంపే సంస్థలు, బంగారం, బీమా, అన్నిటికీ మించి హైదరాబాదు శివార్లలోనో అమరావతి చుట్టుపక్కలనో ప్లాట్లు. అమలాపురంలో ఉన్నవారు ఆదివారం బస్సెక్కి వెళ్లి ఆ భూమిని చూసి రాగలరు. అల్ వక్రాలో ఉన్నవారికి ఆ వీలు ఏడాదికొకసారి సెలవుల్లోనే. కళ్లతో చూడలేని సరుకును అక్షరాన్ని నమ్మి కొంటారు. కనుక ఆ అక్షరం ఎవరి డబ్బుతో అచ్చయిందో వారికి తెలిసి తీరాలి.

2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం, ప్రాజెక్టు ప్రకటనలో రిజిస్ట్రేషన్ సంఖ్యనూ నియంత్రణ సంస్థ వెబ్ చిరునామానూ ప్రముఖంగా చూపాలని నిర్దేశించింది. తప్పుడు ప్రకటన నమ్మి నష్టపోయినవారికి నిర్మాణదారు పరిహారం చెల్లించాలన్నది. ఈ బాధ్యత నిర్మాణదారుది. ‘అక్కడ కొన్నవాళ్లు బాగుపడ్డారు’ అని వ్యాసం మధ్యలో ఒక వాక్యం కలిపిన రచయిత మాత్రం పాఠకుడి ఎదుట తన మనస్సాక్షికే జవాబు చెప్పుకోవాలి. ప్రవాస సంఘాల ఉత్సవ సంచికల్లో ‘అభినందనలతో’ అంటూ వచ్చే పూర్తిపుట ప్రకటనలు ఇంతకన్నా నిర్దోషమైనవి. అది చందా అని అందరికీ తెలుసు. ఆ పుటను ఎవరూ సలహాగా తీసుకోరు.

యంత్రం ఎంచే ప్రకటనలు ఈ లెక్కను తారుమారు చేశాయి. 2003లో గూగుల్ ప్రవేశపెట్టిన యాడ్‌సెన్స్ పద్ధతిలో రచయితకు ప్రకటనదారు ఎవరో తెలియదు, బేరం లేదు, మొహమాటం లేదు. పైకి ఇది భారతి పాటించిన దూరంలాగే కనిపిస్తుంది. కాని ఆ యంత్రం పుటలోని విషయాన్ని చదివి, దానికి దగ్గరి సరుకునే తెచ్చి పక్కన పెడుతుంది. మోకాళ్ల నొప్పుల మీద రాస్తే నూనె ప్రకటన వస్తుంది. డబ్బు బాగా వచ్చే విషయాలేవో రచయితకు నెల తిరిగేసరికి అర్థమవుతాయి. ఛందస్సు గురించి రాయాలనుకున్న కలం గృహరుణాల వైపు మెల్లగా మళ్లుతుంది. అమ్మకం జరిగితేనే కమీషను అందే పద్ధతి ఇంకా హానికరం. అక్కడ పాఠకుడి నిర్ణయమే రచయిత ఆదాయం అవుతుంది.

కాబట్టి నిజాయితీకి కావలసినవి మూడు. రచన చర్చించే సరుకును అమ్మేవారి నుంచి డబ్బు తీసుకోకపోవడం మొదటిది. తీసుకుంటే ఆ సంగతి పుట చివర చిన్న అక్షరాల్లో కాక, మొదటి పేరాలోనే చెప్పడం రెండవది. ప్రకటనదారు తప్పుకున్నా పత్రిక బతకగలిగేంత తక్కువ ఖర్చుతో నడపడం మూడవది. చాలామంది రెండవదానితో ఆగిపోతారు. 2009లో అమెరికా వాణిజ్య కమిషన్ సవరించిన మార్గదర్శకాలూ, 2021లో భారత ప్రకటనల ప్రమాణాల మండలి విధించిన నియమాలూ అడిగేది కూడా ప్రధానంగా వెల్లడింపునే. వెల్లడి చేయడం అవసరమే, కాని అది పాఠకుడికి హెచ్చరిక మాత్రమే. కలం ఎటు మొగ్గుతున్నదో గమనించుకోవలసిన పనిని అది రచయిత మీద నుంచి తీసివేయదు. ప్రకటన డబ్బుతో నిలిచిన పత్రికలు తెలుగుకు కొత్త కావు. ఏ విషయం మీద తాము తీర్పు చెప్పకూడదో ముందే నిర్ణయించుకుని, ఆ నిర్ణయాన్ని పాఠకులకు తెలియజేసే పత్రికలు మాత్రం ఇంకా అరుదే.