వల లాగిన చేతులే మైన్లు ఏరాయి

సముద్రం అడుగున వల ఈడ్చి చేపలు పట్టిన ఆవిరి ట్రాలర్ల గురించి రాసేవాళ్లు ఎక్కువగా యుద్ధంతో మొదలుపెడతారు. నేను వలతో మొదలుపెడతాను. బ్రిటిష్ నౌకాదళంలో ఆ పడవలు చూపిన నేర్పంతా వల దగ్గర అబ్బిందే. సాహసాల జాబితాలు చదివి చప్పట్లు కొట్టినవాళ్లు ఎందరో ఉన్నారు. ఆ సాహసాల వెనకున్న పనితనాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. నాకు ఆ పనితనమే ముఖ్యం.

ఆ రోజుల్లో ట్రాలర్ వలను పడవ పక్క నుంచే దింపేవారు, పక్క నుంచే ఎత్తేవారు. చెప్పడానికి ఇది ఒక్క ముక్క, చేయడానికి పెద్ద విద్య. సరంగు ముందు గాలి చూసుకుంటాడు. వల ఉన్న పక్కకు గాలి తగిలేలా పడవను అడ్డం తిప్పి ఇంజన్ ఆపుతాడు. అప్పుడు గాలి పడవను వల మీదికి తోయదు, వల నుంచి దూరంగా తోస్తుంది. ఈ లెక్క తప్పితే వల పడవ కిందికి పోయి పంకాకు చుట్టుకుంటుంది. ఆర్కిటిక్ చలిలో పంకాకు వల చుట్టుకున్న పడవ కెరటాలకు అప్పజెప్పిన పడవే. వల సరిగ్గా తేలాక పడవను మెల్లగా గుండ్రంగా నడుపుతూ రెండు బోర్డులనూ నీళ్లలోకి వదులుతారు. ఇనుప పట్టీలు బిగించిన బరువైన చెక్కతలుపులవి. ఏటవాలుగా గాలికి ఎదురొడ్డిన గాలిపటం పైకి లేచినట్టే, ఏటవాలుగా నీటికి ఎదురొడ్డిన బోర్డు పక్కకు గుంజుతుంది. చెరోవైపు గుంజే ఆ రెండు బోర్డుల మధ్య వల నోరు తెరుచుకుంటుంది. ఈ బోర్డుల పద్ధతి 1890ల నడుమ వచ్చింది. అంతకుముందు వల నోరు తెరిచి ఉంచడానికి పొడుగాటి దూలం కట్టేవారు. మిగతా చరిత్ర పండితులకు వదిలేస్తాను.

లోతుకు సుమారు మూడింతల ఉక్కుతాడు వదిలాక, రెండు తాళ్లనూ వెనకపక్క ఒకేచోటికి లాగి ఇనుపకొక్కెంలో బిగిస్తారు. ఇక గంటల తరబడి ఈడ్పు. అనుభవజ్ఞుడైన సరంగు బిగిసిన తాడు మీద అరచెయ్యి ఆనించి, అడుగున వల ఇసుక మీద పోతోందో, రాళ్ల మీద గీరుకుంటోందో చెప్పేవాడు. లోతు కొలిచే సీసపుగుండు అడుగున గుంటలో కొవ్వు పూసి దింపితే, దానికి అంటుకుని పైకొచ్చిన ఇసుక, గవ్వముక్క, బురద చూసి తామెక్కడున్నదీ తేల్చేవారు. ఆ మట్టిని నాలుక మీద వేసుకుని చోటు చెప్పేసేవారని కూడా అంటారు. యంత్రాలు లోతు చెప్పే కాలానికి ముందు ఉత్తర సముద్రాన్ని ఇలా చేతులతో చదివినవాళ్లున్నారు. అలాంటి సరంగుకి ఏ విశ్వవిద్యాలయమూ పట్టా ఇవ్వలేదు.

తీసేటప్పుడు సుత్తితో ఒక్క దెబ్బ కొట్టి కొక్కెం విడిపిస్తారు. తాళ్లు చుట్టే ఆవిరి వించి తిరుగుతుంది, బోర్డులు పైకొచ్చి పక్కనున్న ఇనుపకమానులకు చేరతాయి. ఆ తర్వాత యంత్రం చేసేదేమీ లేదు. మనుషులు వరసగా నిలబడి, పడవ అటు ఒరిగినప్పుడు పట్టుకుని, ఇటు ఒరిగినప్పుడు లాగి, వలను చేత్తో లోపలికి తెస్తారు. చివరి సంచి గాల్లోకి లేస్తుంది. సరంగు తర్వాతివాడైన మేట్ దాని కిందికి వంగి ముడి లాగి పక్కకు దూకుతాడు. చేపలు డెక్కు మీద కుప్పగా పడతాయి. అదే ముడి మళ్లీ వేసి వల దింపాకే కత్తులు తీసి చేపలు కోయడం. ఎన్ని టన్నుల బరువైనా ఊడిపోకుండా ఆగి, ఒక్క గుంజుకి మాత్రం విడిపోయే ఆ ముడిని నేను మనిషి చేతి గొప్ప కల్పనల్లో ఒకటిగా లెక్కిస్తాను.

కింద బాయిలర్ దగ్గర మరో లోకం. బొగ్గు తోడి అందించే కుర్రాడు ఒకడు, మంట చూసేవాడు ఒకడు, పైన ఇంజనీరు. ఆవిరి ఇంజన్ గొప్పతనం వేగంలో లేదు. నిమిషానికి కొద్ది చుట్లే తిరుగుతూ, ఉలిక్కిపడకుండా, గంటల తరబడి ఒకే బలంతో ఈడ్వడంలో ఉంది.

ఈ ఈడ్చే విద్యే నౌకాదళం కంట పడింది. అడ్మిరల్ లార్డ్ చార్లెస్ బెరెస్‌ఫర్డ్ సలహాతో గ్రిమ్స్‌బీ రేవు నుంచి రెండు ట్రాలర్లను పిలిపించి, ఓడలను పేల్చడానికి సముద్రంలో పెట్టే మైన్లు ఏరే ప్రయోగం చేశారు. 1910లో రిజర్వు దళంలో ట్రాలర్ల విభాగం పెట్టారు. పద్ధతి వినండి. రెండు ట్రాలర్లు సుమారు అయిదువందల గజాల ఎడంతో సమంగా నడుస్తాయి. రెంటి నడుమ ఒకే ఉక్కుతాడు. తాడు కావలసిన లోతులో నిలవడానికి బరువైన చెక్కచట్రాలు వేలాడతాయి. నీటి కింద గొలుసుతో అడుగుకు కట్టిన మైన్‌ను ఆ తాడు పట్టి ఈడుస్తుంది. గొలుసు తెగి మైన్ పైకి తేలితే తుపాకీతో కాల్చి పేలుస్తారు లేదా ముంచేస్తారు. వించి అదే, తాడు అదే, చేతులూ అవే. చేపలకు బదులు చావు వలలో పడుతోంది, అంతే తేడా. పక్క పడవతో సమానంగా, వేగం రవ్వంత కూడా పెరగకుండా తరగకుండా నడపడం ఏ నౌకాదళ పాఠశాలా నేర్పలేదు. ఉత్తర సముద్రంలోని డాగర్ బ్యాంక్ మీద మంచులో, పొగలో పక్క ట్రాలర్ తాడుకి తగలకుండా వల ఈడ్చినవాళ్లకి అది రోజూ చేసే పనే. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ ఒక్కోదానిలో రెండువందలకు పైగా ట్రాలర్లు నౌకాదళం పనిలో ఉండగానే మునిగిపోయాయి. దీన్ని 'చిన్న నౌకల సహాయం' అని ఒక్క వాక్యంలో దాటేసే చరిత్రకారుల మీద నాకు కోపం.

ఒక్క పడవ కథ చెప్తాను. హల్ రేవులోని హెల్యర్ కంపెనీ కోసం బెవర్లీలోని కుక్, వెల్టన్ అండ్ గెమ్మెల్ 1906లో కట్టిన 'వయోలా', 108 అడుగుల పొడవు. షేక్స్పియర్ పాత్రల పేర్లు పెట్టిన దాదాపు 50 పడవల దండులో ఒకటి. ఆ దండు వారాల తరబడి సముద్రంలోనే ఉండేది. పట్టిన చేపలను పెట్టెల్లో పెట్టి, చిన్న తెడ్ల పడవల్లో వేసుకుని, కెరటాల మధ్య రవాణా ఓడకు అందించేవారు. అది లండన్ బిల్లింగ్స్‌గేట్ బజారుకు పరుగెత్తేది. వలలో కన్నా ఆ పెట్టెలు అందించడంలోనే ఎక్కువ ప్రాణాలు పోయాయని పాతవాళ్లు చెప్పుకునేవారు. 1914లో వయోలా నౌకాదళానికి వెళ్లింది. షెట్లాండ్ దగ్గర, ఆ తర్వాత టైన్ తీరంలో కాపలా కాసింది. 1918 ఆగస్టులో యూబీ-30, సెప్టెంబరులో యూబీ-115 అనే జర్మన్ జలాంతర్గాములను ముంచిన పోరాటాల్లో పాల్గొంది. యుద్ధం అయ్యాక నార్వేవాళ్లు కొని 'కాప్‌డ్యూయెన్' అన్నారు. ఆ తర్వాత 'దియాస్' పేరుతో ఆఫ్రికా తీరాన తిమింగిలాల వేటకు వెళ్లింది. 1927లో అర్జెంటీనా కంపెనీ చేతికి వచ్చి దక్షిణ జార్జియా దీవిలోని గ్రిత్వికెన్ చేరింది. ఏనుగు సీళ్ల వేటకు తిరిగింది, దక్షిణ ఆర్క్‌నీ దీవుల్లోని వాతావరణ కేంద్రానికి సరుకులు మోసింది. 1964 దాకా పని చేసింది! 1974లో కట్టేసి ఉంచిన చోటే మునిగింది, 2004లో పైకి తేల్చారు. ఆ దీవిలోని పాత తిమింగిల కేంద్రాలను తుక్కుకి కోయడానికి వచ్చిన పనివాళ్ల దగ్గరే 1982లో ఫాక్లాండ్స్ యుద్ధానికి నిప్పు రాజుకుంది. ఆ గొడవనూ ఈ పడవ దాటింది. ఆవిరి ఇంజన్ ఇంకా లోపల ఉన్న ఆవిరి ట్రాలర్లలో ప్రపంచంలో ఇంతకన్నా పాతది లేదు.

మొదటి యుద్ధంలో ఉన్న పడవలు చాలక నౌకాదళమే అయిదువందలకు పైగా ట్రాలర్లకు ఆర్డర్లిచ్చింది. తెలివైన పని ఏం చేసిందంటే, సొంతంగా నమూనా గీయలేదు. మంచి చేపల పడవల నమూనాలు మూడింటిని తీసుకుంది. మిడిల్స్‌బరో దగ్గరి స్మిత్స్ డాక్ వారిది క్యాసిల్ తరహా, సెల్బీలోని కాక్రేన్ వారిది మెర్సీ, అబర్డీన్‌లోని హాల్ రసెల్ వారిది స్ట్రాత్. ట్రాఫల్గర్ యుద్ధంలో 'విక్టరీ', 'రాయల్ సావరిన్' నౌకల మీద పనిచేసిన మనుషుల పేర్లు వాటికి పెట్టారు. యుద్ధం ముగిశాక అవి ఎక్కడెక్కడికి పోలేదు! ఇంగ్లండు రేవుల్లో, నార్వేలో, ఫారో దీవుల్లో, న్యూజిలాండులో దశాబ్దాల పాటు చేపలు పట్టాయి. 1939లో మళ్లీ పిలిస్తే వాటిలో చాలా పడవలు మళ్లీ తుపాకీ ఎత్తుకున్నాయి. రెండో యుద్ధంలో మాత్రం నౌకాదళం ఐల్స్ తరహా అని తన లెక్క ప్రకారం ట్రాలర్లు కట్టించుకుంది. వాటిని నేను ట్రాలర్లుగా ఒప్పుకోను. రూపం అదే, కాని చేపల పడవగా పుట్టలేదు. యుద్ధం తర్వాత వాటిలో చాలావాటి బతుకు సరుకు పడవలుగానూ, ట్యాంకులు కడిగే పడవలుగానూ, మునిగిన ఓడల శిథిలాలు తొలగించే పడవలుగానూ గడిచింది. వయోలా లాంటివి దారి మళ్లినా, సిసలైన ట్రాలర్లు ఎక్కువగా వల దగ్గరికే తిరిగొచ్చాయి.

చేపల పడవలుగా పుట్టినవి యుద్ధంలో ఏం చేశాయో సాక్ష్యం కావాలా? 1940 ఏప్రిల్ చివర నార్వేలోని నామ్సోస్ రేవులో 'అరబ్' అనే ట్రాలర్ ఉంది. మందుగుండు నిల్వ ఉన్న రేవుకి మంటలంటుకుంటే దాని కెప్టెన్ రిచర్డ్ స్టానర్డ్ పడవ ముక్కును ఆ రేవుకే ఆనించి గొట్టాలతో నీళ్లు కొట్టించాడు. అయిదు రోజుల్లో 31 విమాన దాడులు తట్టుకున్నాడు. విక్టోరియా క్రాస్ వచ్చింది. అదే ఏడాది జూన్ 19న ఏడెన్ దగ్గర 'మూన్‌స్టోన్' తనకన్నా ఎంతో పెద్దదైన ఇటాలియన్ జలాంతర్గామి 'గెలీలియో గెలీలీ'ని కొట్టి పైకి తేల్చి లొంగదీసింది. అందులో దొరికిన కాగితాల వల్లే కొద్ది రోజుల్లో 'గాల్వానీ' అనే మరో ఇటాలియన్ జలాంతర్గామి దొరికిపోయింది.  మూన్‌స్టోన్ ఎవరనుకున్నారు? అంతకుముందు ఉత్తరాన చేపలు పట్టిన 'లేడీ మేడ్లిన్'. యుద్ధం అయ్యాక మళ్లీ చేపల వేటకే వెళ్లింది. 1941 అక్టోబరు 4న టెనరీఫ్ దగ్గర 'లేడీ షర్లీ' యూ-111ను ముంచి, తన సిబ్బంది కన్నా ఎక్కువమంది జర్మన్లను బందీలుగా పడవెక్కించుకుంది. రెండు నెలలు దాటిన కొద్ది రోజులకే జిబ్రాల్టర్ దగ్గర ఆ పడవ ఒక్కరూ మిగలకుండా మునిగింది. లోవెస్టాఫ్ట్‌లో సముద్రం తప్ప సమాధి లేని ట్రాలర్ దళ సిబ్బంది స్మారకం ఉంది. దాని మీద 2,300కు పైగా పేర్లున్నాయి.

యుద్ధం నుంచి తిరిగొచ్చిన పడవలు శాస్త్రానికీ పనికొచ్చాయి. మెర్సీ తరహా 'జార్జ్ బ్లై' లోవెస్టాఫ్ట్‌లో చేపల పరిశోధన నౌకగా రెండు యుద్ధాల నడుమ కాలమంతా తిరిగింది. రెండో యుద్ధం తర్వాత ఆ పని నౌకాదళపు మరో ట్రాలర్ 'సర్ లాన్సలాట్' 1962 దాకా చేసింది. ఆ లోవెస్టాఫ్ట్ ప్రయోగశాలలోనే బెవర్టన్, హోల్ట్ చేపల సంతతి మీద గొప్ప గ్రంథం రాసి 1957లో వెలువరించారు. మన ముత్తుకూరు కాలేజీలో మత్స్యశాస్త్రం చదివే పిల్లలకు ఆ ఇద్దరి పేర్లూ తెలుసు. ఎంత పడితే సముద్రం తట్టుకుంటుందనే లెక్క అక్కడ తేలింది.

ఆ లెక్కను తుంగలో తొక్కింది ఎవరు? 'ఫెలిసిటీ' అనే నౌకాదళ మైన్‌స్వీపర్‌ను యుద్ధం తర్వాత 'ఫెయిర్‌ఫ్రీ'గా మార్చి, వెనక నుంచి వల లాగి, లోపలే చేపలు కోసి గడ్డకట్టించే ప్రయోగం చేశారు. దాని బాటలో 1954లో 'ఫెయిర్‌ట్రై' వచ్చింది. ఆ తర్వాత ఎన్నో దేశాలు అలాంటి ఫ్యాక్టరీ ఓడలను దించాయి. గాలి చూడక్కర్లేదు, తాడు మీద చెయ్యి వేయక్కర్లేదు. నేర్పు లేని కండబలం సముద్రాన్ని గీకిపారేసింది. ఇటు డీజిల్ చవక అయ్యాక ఆవిరి పడవలు తుక్కు కొట్లకు తూకానికి పోయాయి. చివరికి ఐస్‌లాండ్ తన సముద్రపు హద్దును 200 మైళ్లకు పెంచుకుని, 1976లో బ్రిటన్‌తో కాడ్ చేపల తగవు గెలిచింది. హల్ మత్స్యకారుల గుండె అయిన సెయింట్ ఆండ్రూస్ డాక్‌ను 1975లోనే మూసేశారు. అక్కడ కొంత మేర పూడ్చేశారు. వేలమందికి అన్నం పెట్టిన చోట పిచ్చిమొక్కలు లేచాయి. హల్ ఇప్పుడు గర్వంగా చూపించే 'ఆర్కిటిక్ కోర్సెయిర్' 1960 నాటి పడవ. మంచిదే, కాని డీజిల్ పడవ. ఆవిరి ట్రాలర్‌కి అది సాటి కాదు, దాన్ని చూపించి బాకీ తీరిందనుకోకూడదు. వయోలాను ఇంటికి తేవాలని పోరాడే హల్ వాళ్ల పక్షమే నాది. ఆ పడవ గంట నార్వేలో ఒక పొలం దగ్గర దొరికి హల్ చేరింది. గంటకు దారి దొరికినప్పుడు పడవకు ఎందుకు దొరకదు?

ఈ విద్య బంగాళాఖాతానికి కూడా వచ్చింది. 1908-09లో బెంగాల్ ప్రభుత్వం 'గోల్డెన్ క్రౌన్' అనే ఆవిరి ట్రాలర్‌తో సముద్రం వెతికించింది. 1920ల చివర మద్రాసు ప్రభుత్వం 'లేడీ గోషెన్'తో ఆ పని చేయించింది. అప్పటికి మన కోస్తా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉంది. స్వాతంత్ర్యానికి ముందే 1946లో బొంబాయిలో మొదలైన డీప్ సీ ఫిషింగ్ స్టేషనే నేటి ఫిషరీ సర్వే ఆఫ్ ఇండియా. దాని కేంద్రం ఒకటి విశాఖలో ఉంది.

విశాఖ ఆర్కే బీచ్‌లో 'కుర్సురా' జలాంతర్గామిని ఒడ్డుకు తెచ్చి జనానికి చూపించిన ప్రభుత్వానికీ, నౌకాదళానికీ నా విన్నపం ఒక్కటే. చేపల రేవులో పాత తరం ట్రాలర్లు తుక్కుకి పోకముందే ఒకదాన్ని ఎంచి, వించితో, బోర్డులతో, వలతో సహా ఆ ఒడ్డు మీదే నిలపండి. వల దింపడం తెలిసిన పాత సరంగులు రేవులో ఉన్నప్పుడే వాళ్ల చేత చెప్పించి, ఆ చేతుల కదలికలను చిత్రీకరించి పెట్టండి.